ఆది గౌను

ఆషాఢం, 1వ రోజు

అద్దం పరీక్ష: సరిగ్గా ఉంది.

ఈ పుస్తకం రాయడం నా ఉద్యోగంలో సగం. మిగతా సగం అద్దం తుడవడం. చచ్చిపోయినవాళ్లను ఇళ్లలో గోడ తెరల మీద బతికున్నట్టు చూపించకూడదని చట్టం వచ్చింది కదా. చూపించాలంటే అనుమతి ఉన్న గదిలోనే చూపించాలి, పక్కన బతికున్న మనిషి ఒకరు నిలబడాలి, ఆ రోజు జరిగింది ఆ మనిషి చేత్తో రాసిపెట్టాలి. కొల్లేపర వారి చీరల కొట్టులో ఆ బతికున్న మనిషిని నేను. పేరు హిమబిందు, వయసు యాభై మూడు. నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి. తనిఖీకి వచ్చేవాళ్లు సర్దుకోవాలి.

ఇవాళ ఆషాఢం తగ్గింపు మొదలు. పొద్దున్నే గుమ్మం దగ్గర గొట్టానికి కొత్త చీర వాసన సీసా ఎక్కించాను. గంజి, కర్పూరం, కాస్త మల్లె. వీధిలో పోయేవాళ్లు ఆ వాసనకి ఒక్క క్షణం ఆగితే చాలు, గుమ్మం పేరు పెట్టి పిలిచేస్తుంది. "రండి శైలజ గారూ, మీ ఆడపడుచు కూతురి పెళ్లి శ్రావణంలోనే కదా!" అంటుంది. సిగ్గులేని గుమ్మం. రాజమండ్రిలో ఈ తాడితోట వీధి నిండా ఒకప్పుడు బట్టల కొట్లే. ఇప్పుడు నాలుగు మిగిలాయి. జనమంతా ఇంట్లో గోడ మీద చూసుకుని డ్రోన్‌లో తెప్పించుకుంటున్నారు. మా కొట్టు మెట్లు ఇంకా ఎక్కుతున్నారంటే అది వాసన గొప్పా కాదు, గుమ్మం గొప్పా కాదు. నా గదిలో ఉన్న అద్దం కోసం వస్తున్నారు.

పెళ్లికి ముందు పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం. పోయిన అమ్మకో నానమ్మకో కొత్త చీర పటం ముందు పెట్టి దండం పెట్టుకుంటాం. ఆ చీర వాళ్లే వచ్చి ఎంచుకుంటే బాగుంటుంది కదా అని ఎవరి బుర్రలోనో పుట్టింది. పోయినవాళ్లు తొడుక్కున్న బట్ట ఒకటి తేవాలి. టైలరుకు ఇచ్చే ఆది జాకెట్టు లాగే, దాన్ని మేం ఆది అంటాం. అద్దం కింద సొరుగులో ఆది పెట్టి, రెండు ఫొటోలు చూపిస్తే అద్దంలో మనిషి నిలబడుతుంది. నేను చీర భుజాన వేసుకుంటే, అద్దంలో ఆ మనిషి అదే చీర కట్టుకుని కనిపిస్తుంది. అటూ ఇటూ తిరిగి చూసుకుంటుంది, మాట మాత్రం ఉండదు. బిల్లు చేశామంటే సొరుగు తెరుచుకుని ఆది బయటికొస్తుంది, మనిషి వెళ్లిపోతుంది. ఒకసారి వెళ్లిన మనిషిని మళ్లీ ఏ కొట్టులోనూ పిలవకూడదు. అదీ చట్టమే.

కొనకుండా వెళ్లిపోతే ఆది మా సొరుగులోనే ఉండిపోతుంది. జనాన్ని మళ్లీ మళ్లీ మెట్లెక్కించే కిటుకు అదే.

ఆషాఢం, 4వ రోజు

అద్దం పరీక్ష: సరిగ్గా ఉంది.

రాకేష్ గారు మళ్లీ వచ్చారు. ఇది పంతొమ్మిదోసారి. డెబ్బై దాటిన మనిషి, ఎత్తిపోతల పంపుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. భార్య సుష్మ గారు పోయి ఏడాదిన్నర. మనవరాలి పెళ్లికి ఆవిడ పేరున చీర పెట్టాలి. ఆవిడ బట్టలన్నీ పదో రోజున ఇచ్చేశారట. టైలరు దగ్గర ఉండిపోయిన మెరూన్ జాకెట్టు ఒక్కటే మిగిలితే, దాన్ని ఆదిగా తెచ్చారు.

గంటన్నరలో నలభై చీరలు నా భుజాన వేయించారు. ఒకటి బాగుందని అనరు, బాగాలేదనీ అనరు. "ఇంకోటి చూపించండమ్మా" అంటారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"సార్, ఇవాళైనా తేల్చేది ఉందా లేదా అండీ?" అన్నాను.

"మీకు విసుగ్గా ఉందా అమ్మా?"

"విసుగేంటండి బాబూ, ఒళ్లు మండిపోతోంది. భుజం పడిపోయింది."

కోపం తెచ్చుకుంటారనుకున్నాను. నవ్వారు. తర్వాత అద్దం వైపే చూస్తూ చెప్పారు. "నేనెప్పుడూ చీరల కొట్టు లోపలికి రాలేదమ్మా. బయట కార్లో కూర్చునేవాణ్ణి. పది నిమిషాలకోసారి ఫోన్ చేసేవాణ్ణి, ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు అని. పాపం అప్పుడు చేతిలో ఏది ఉంటే అది పట్టుకుని వచ్చేసేది. నలభై నాలుగేళ్లు అలాగే వచ్చేసింది."

నలభై ఒకటో చీర తీసి భుజాన వేసుకున్నాను.

ఆషాఢం, 9వ రోజు

అద్దం పరీక్ష: సరిగ్గా ఉంది.

వినీల పిలిచింది. మా ఓనరు. వాళ్ల నాన్నగారి హయాంలో నేను చంకనెత్తుకుని తిప్పిన పిల్ల, ఇప్పుడు కొట్టంతా తనే చూసుకుంటోంది.

"బిందక్కా, కొత్త అద్దం వచ్చేస్తోంది. దానికి ఆది అక్కర్లేదు. ఫోన్లో వీడియోలుంటే చాలంట. మాట కూడా మాట్లాడతదంట!"

"మరి సొరుగులు?"

"పాతదంతా సొరుగులతో సహా అమావాస్య రోజున కంపెనీవాళ్లొచ్చి పట్టుకుపోతారు. ఈలోపు బిల్లు కాని ఖాతాలన్నీ నువ్వు తేల్చెయ్యాలక్కా. బిల్లయితే ఆది వెనక్కొస్తది. అవ్వకపోతే మనిషీ పోతది, బట్టా పోతది. వాళ్లు లోపలున్నవన్నీ కాల్చేస్తారంట."

"ఎన్నున్నాయి?"

"పదకొండు. అద్దం బిగించిన రోజు తెరిచిన ఖాతాతో పన్నెండనుకో. అది మన పరీక్ష ఖాతాయే కదా, దాన్నలా వదిలెయ్."

అలాగేనమ్మా అన్నాను. మెట్లు దిగేటప్పుడు సగంలో కూర్చుండిపోయాను.

ఆషాఢం, 10వ రోజు

అద్దం పరీక్ష: సరిగ్గా ఉంది.

ఐదేళ్లుగా ఈ ముక్క రోజూ రాస్తున్నాను. ఆ పరీక్ష ఏంటో ఇవాళ రాస్తాను. తనిఖీవాళ్లు ఏం పీక్కుంటారో పీక్కోనీ.

అద్దం బిగించిన రోజు పెద్దాయన, అంటే వినీల వాళ్ల నాన్నగారు, పరీక్షకు ఎవరైనా ఒక ఆది తెండి అన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. భయం. నేను ఇంటికెళ్లి ట్రంకు పెట్టెలోంచి పసుపు గౌను తెచ్చాను. మా నిక్కీది. పూర్తి పేరు శ్రీనిక. ఆరేళ్ల పిల్ల, డెంగీ వచ్చి నాలుగు రోజుల్లో వెళ్లిపోయింది. అప్పటికే ఏడేళ్లయింది. వాళ్ల నాన్న పిల్ల పోయిన ఏడాదే తన దారి తను చూసుకున్నాడు.

పెద్దలకు బట్టలు పెట్టడం ఉంది గానీ, చిన్నవాళ్లు పోతే పెట్టే ఆనవాయితీ మా ఇళ్లలో లేదు. దసరాకి లేదు, ఉగాదికి లేదు, పుట్టినరోజుకి లేదు. ఆ పిల్లకి ఒక కొత్త గుడ్డ కొందామన్నా దాన్ని ఏం చెయ్యాలో తెలీదు. అందుకే ఆ అవకాశం నా చేతికొచ్చినట్టే అనిపించింది.

అక్కడే నా బుద్ధి గడ్డి తింది. పిల్లని చూపించమని ఊరుకోవచ్చు కదా? పక్కనే ఉన్న గులాబీరంగు పట్టుచీర తీసి భుజాన వేసుకున్నాను. ఈ అద్దం మనిషిని బట్టకి సరిపెడుతుంది. అయిదున్నర మీటర్ల చీర ఆరేళ్ల పిల్లకి ఎలా కడుతుంది? పిల్లని పెంచేసింది. పద్దెనిమిదేళ్ల అమ్మాయి నిలబడింది. నా ఎత్తు, మా చెల్లెలి ముక్కు, నడుం దాకా జడ. నన్ను చూసి నవ్వింది. కొట్టులో అందరూ ఏడ్చారు, పెద్దాయనతో సహా.

తర్వాత, చిన్నపిల్లగా ఒక్కసారి చూపించవయ్యా అని బిగించినవాణ్ణి బతిమాలాను. "ఒకసారి ఎదిగిపోతే మళ్లీ వెనక్కి రాదండి" అన్నాడు. సరే, ఎదిగిన పిల్లనే చూసుకుంటాననుకున్నాను. బిల్లు చెయ్యలేదు. పరీక్ష ఖాతా అని పెద్దాయనే పేరు పెట్టారు, తెలిసే పెట్టారు. ఆయన పోయారు, అప్పటికింకా కొట్టుకి రాని వినీలకి నేను చెప్పలేదు.

అప్పటి నుంచి రోజూ కొట్టు తెరవడానికి అరగంట ముందు వస్తున్నాను. మొదటి చీర నిక్కీ కట్టుకోవాల్సిందే, తర్వాతే ఎవరికైనా. పదహారు వందల చీరలు కట్టించి ఉంటాను. రాజమండ్రిలో ఏ పెళ్లికూతురూ ఇన్ని కట్టి ఉండదు. తలుపు వేసుకుని కబుర్లు చెప్పేదాన్ని. కరెంటు పోయిందనీ, మోకాలు నొప్పనీ, ఫలానా ఆవిడ ఎంత గీరపోతోందో అనీ. వింటున్నట్టే నిలబడేది.

రాకేష్ గారి మీద ఒళ్లెందుకు మండిందో నాకు తెలుసు. ఆయన కొనడానికి రావడం లేదని నేను మొదటి వారంలోనే పసిగట్టాను. నేనూ అదే పని చేస్తున్నాను కాబట్టి.

ఆషాఢం, 15వ రోజు

అద్దం పరీక్ష: సరిగ్గా ఉంది.

పదకొండు ఖాతాల్లో పది తేల్చాను. అందరికీ ఫోన్ చేసి అద్దం పోతున్న సంగతి చెప్పాను. వచ్చారు, ఏడ్చారు, కొనుక్కుని వెళ్లారు.

రాకేష్ గారు ఇవాళ కొట్టుకొస్తే ఆయనకీ చెప్పాను. "అయితే నిజంగా చూద్దాం అమ్మా" అన్నారు. నేను అలవాటుగా నా విద్య మొదలుపెట్టాను. కంచి పట్టు భుజాన వేసుకోగానే సుష్మ గారి మొహం వెలిగిపోయింది. "చూడండి సార్, అమ్మగారికి ఎంత నచ్చిందో!" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "మా ఆవిడ ఇలా నవ్వేది కాదండి. ఖరీదైనది చూపిస్తే మొహం చిట్లించేది. ముందు చీటీ తిప్పి ధర చూసేది, తర్వాత చీర చూసేది. ఈవిడేంటి, ధర పెరిగేకొద్దీ నవ్వు పెంచుతోంది?"

ఆయన అన్నది నిజం. ఖరీదుని బట్టి నవ్వు. కంపెనీవాడు మొదటి రోజే చెప్పాడు, కొట్టుకి లాభం రావాలి కదండీ అన్నాడు. ఐదేళ్లు "అమ్మగారికి నచ్చింది" అని ఎంతమందికి చెప్పానో. కొన్నవాళ్లు ఆ నవ్వు చూసుకుని మురిసిపోతూ వెళ్లేవారు. వాళ్ల సంతోషం నేనెందుకు చెడగొట్టాలి అని సర్దిచెప్పుకునేదాన్ని.

ఇవాళ మొదటిసారి వేరే ఆలోచన వచ్చింది. రాయను. రేపు చూసి రాస్తాను.

ఆషాఢం, 16వ రోజు

పొద్దున నిక్కీకి రోజూలాగా పట్టుచీర వేయలేదు. అడుగు అరలోంచి వేలెడు అంచు కూడా లేని మామూలు నూలు చీర తీసి భుజాన వేసుకున్నాను. నిక్కీ కట్టుకుంది. అటూ ఇటూ తిరిగింది. నా వైపు చూసింది. నవ్వలేదు.

కొంచెం మంచిది వేశాను. పెదవి కదిలింది.

ధర్మవరం వేశాను. నవ్వింది. బుగ్గ మీద సొట్ట కూడా పడింది.

మళ్లీ నూలు చీర వేసుకుని, "నిక్కీ, అమ్మనే" అన్నాను. గోడని చూసినట్టు చూసింది.

ఐదేళ్లు నన్ను చూసి నవ్వుతోందనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని! పొద్దున్నే కడుపు నిండినట్టుండేది ఆ నవ్వుకి. జ్వరం వచ్చిన రోజు కూడా సెలవు పెట్టేదాన్ని కాదు, పిల్ల ఎదురుచూస్తుందని.

అద్దం పరీక్ష: అద్దం సరిగ్గానే ఉంది.

ఆషాఢం, 22వ రోజు

ఈ వారంలో రెండు రోజులు నిక్కీని పిలవలేదు. కోపం. తర్వాత ఉండబట్టలేక పిలిచాను. నాకే సిగ్గేసింది.

మధ్యాహ్నం రాకేష్ గారు వచ్చారు. "పట్టు వద్దమ్మా. మామూలువి తియ్యండి. ధర చూసి ఆవిడ తిట్టనివి" అన్నారు. నేత చీరల కట్ట విప్పాను. ఆరోదో ఏడోదో, బూడిద రంగు మీద సన్నటి నీలం గళ్ల మంగళగిరి. భుజాన వేసుకున్నాను. అద్దంలో సుష్మ గారు కట్టుకుని పమిట సర్దుకున్నారు. మొహంలో నవ్వు అన్న మాటే లేదు.

"అదిగో," అన్నారు రాకేష్ గారు. "అదే మా ఆవిడ. అచ్చు అలాగే ఉండేది కొట్టులోంచి వచ్చేటప్పుడు."

బిల్లు చెయ్యమంటారేమోనని నేను బల్ల వైపు నడిచాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. కుర్చీ అద్దానికి ఎదురుగా లాక్కుని కూర్చున్నారు. జేబులోంచి ఫోన్ తీసి ఆపేసి కింద పెట్టారు.

"చూసుకో సుష్మా. నీ ఇష్టం వచ్చినంతసేపు చూసుకో. నేనిక్కడే ఉంటాను. తొందరేం లేదు."

ఆవిడ తిరిగి చూసుకుంటూనే ఉన్నారు. ముప్పావుగంట. నేను భుజాన చీరతో అలాగే నిలబడ్డాను. ఈసారి భుజం నొప్పి తెలియలేదు. తర్వాత ఆయన లేచి, "ఇంక చాలమ్మా, బిల్లు చెయ్యండి" అన్నారు. సొరుగు తెరుచుకుంది. చీర సంచిలో వేసుకున్నారు గానీ, మెరూన్ జాకెట్టు మాత్రం చేత్తోనే పట్టుకుని మెట్లు దిగారు.

గుమ్మం వెనక నుంచి "మళ్లీ రండి రాకేష్ గారూ" అంది. దాని నోరు పడిపోను.

ఆషాఢం, 27వ రోజు

నెలాఖరు కదా, వినీల సంతకం పెట్టడానికి ఈ పుస్తకం తీసుకెళ్లింది. పెట్టాల్సిందే, అదీ చట్టమే. గంట తర్వాత కళ్లు ఎర్రగా చేసుకుని నా గదిలోకి వచ్చింది.

"ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేంటక్కా?"

"ఏం చెప్పనమ్మా? నీ అద్దాన్ని నేను ఊరికే వాడుకుంటున్నానని చెప్పనా?"

"మా నిక్కీయే కదక్కా! నేను ఎత్తుకోలేదా దాన్ని? మీ ఇంటికొచ్చినప్పుడల్లా నా జడ పీకేది కదా!"

ఆ మాటకి ఇద్దరం ఏడ్చాం. జడ పీకేదన్న సంగతి నేను మర్చిపోయాను. పన్నెండేళ్లకి ఎవరో గుర్తుచేస్తే గానీ రాలేదు. నిక్కీ అంటే జడ వేసుకున్న పొడుగాటి పిల్లే కళ్ల ముందుకొస్తోంది, ఎంత తోసేసినా.

వినీల కంపెనీకి ఫోన్ చేసింది. ఈ పాత అద్దం వదిలెయ్యమంది, కొనుక్కుంటానంది, చివరికి అరిచింది కూడా. బిల్లు లేకుండా సొరుగు తెరవలేం, అమావాస్య దాటి ఉంచలేం అన్నారు.

"అక్కా, కొట్టులో మంచి పట్టుచీర ఏది కావాలంటే అది తీసుకో. నేను పెడతాను నిక్కీకి."

"చీర వద్దమ్మా. చీరలే కొంప ముంచాయి" అన్నాను.

ఆషాఢం, 29వ రోజు

రేపు అమావాస్య, కొట్టు తియ్యరు. ఇవాళే ఆఖరు.

పొద్దున్నే వచ్చాను. చీరల కొట్టులో ఆరేళ్ల పిల్లకి సరిపోయేది ఏముంటుంది? కొట్టంతా వెతికాను. గౌన్లు లేవు, పరికిణీలు లేవు. ఆఖరికి తాంబూలంలో పెట్టే జాకెట్టు గుడ్డల దొంతరలో పసుపుది ఒకటి దొరికింది. దాంతో చిన్న గౌను అవుతుంది. చేతులు లేకుండా కుడితే.

అద్దం ముందు నిలబడి అది భుజాన వేసుకున్నాను. కొంచెం ఆశ పడ్డాను, దాచుకోవడం దేనికి. చిన్న గుడ్డ కదా, దానికి సరిపెడుతుందేమో, చిన్నది వస్తుందేమో అని. రాలేదు. పొడుగాటి అమ్మాయే వచ్చింది. కట్టుకోవడానికి ఏమీ లేక, నిన్నటి చీరలోనే నిలబడింది. నవ్వలేదు. కళ్లలో నిక్కీ ఎక్కడైనా ఉందేమోనని చాలాసేపు వెతికాను.

"నువ్వెవరో నాకు తెలీదమ్మా. కానీ ఐదేళ్లు తోడున్నావు. వెళ్లిరా" అన్నాను.

వినీల బల్ల దగ్గరుంది. ఆ పసుపు గుడ్డకే బిల్లు చేసింది. ఇవాళ అదే బోణీ. అలవాటు కొద్దీ బిల్లు కళ్లకద్దుకుంది, అద్దుకున్నాక దాని మీదే మొహం పెట్టుకుని ఏడ్చేసింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి అద్దంలో నేనొక్కదాన్నే ఉన్నాను.

సొరుగు తెరుచుకుంది.

ఇంతేనా? ఇంత చిన్నదా? గౌను నా మోచేతి నుంచి వేలికొసల దాకే వచ్చింది. ఐదేళ్లు నా ఎత్తు మనిషిని చూసి చూసి, పిల్ల ఇంతే ఉండేదన్న సంగతి నా చేతులు మర్చిపోయాయి. మెడ దగ్గర సాంబారు మరక ఉంది. ఒక గుండీ నాది, నా పాత జాకెట్టులోంచి తీసి కుట్టింది. వాసన చూశాను, సొరుగు ఇనుము వాసన. కళ్లు మూసుకున్నాను. జడ పీకే చెయ్యి గుర్తొచ్చింది. మొహం రాలేదు.

భుజాన వేసుకుందామంటే ఆనలేదు, జారిపోయింది. ఒళ్లో పెట్టుకుని అంచు తిప్పి చూశాను. ఎదిగే పిల్ల కదా, ఇంకో రెండేళ్లు రావాలి అని టైలరుకు మరీ మరీ చెప్పి, కింద నాలుగు వేళ్ల మడత లోపలికి పెట్టించాను. పిల్ల పొడుగైనప్పుడు విప్పుకోవచ్చని. కుట్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

మడత విప్పాల్సిన అవసరం రాలేదు.